తొలి ఆల్బమ్ ఎలా చేయాలి: జామ్ రూం నుంచి రిలీజ్ శుక్రవారం దాకా

నలుగురున్న రాక్ బ్యాండ్, సొంత తెలుగు పాటలు, వెనక సినిమా కంపెనీ లేదు, లేబుల్ లేదు. ఇలాంటి బ్యాండ్ తొలి ఆల్బమ్ స్టూడియోలో చెడిపోవడం తక్కువే. స్టూడియోకి వెళ్లేముందు తేల్చుకోని సంగతులు, మాస్టర్ (విడుదలకి సిద్ధమైన తుది ఆడియో) చేతికొచ్చాక పట్టించుకోని కాగితాలు, ఈ రెండే ఎక్కువగా ముంచుతాయి. కాబట్టి ఇక్కడ మైకుల గురించి ఎంత ఉందో వాటి గురించీ అంతే ఉంది.

పాటలు, వేగం, శ్రుతి

రాసుకున్నవి పన్నెండు ఉంటే ఎనిమిదే తీసుకోండి. ఒక్కోటి నాలుగు నిమిషాలనుకుంటే 32 నిమిషాలు. ఎప్పుడైనా ఎల్పీ రికార్డు వేయించాలనిపించినా ఈ నిడివి సరిపోతుంది. 12 అంగుళాల రికార్డు మీద ఒక్కో వైపు 22 నిమిషాలు దాటాక గాడులు దగ్గరపడి శబ్దం పలచబడుతుంది. పైగా రోజుకి నాలుగు పాటల డ్రమ్స్ పూర్తిచేయడం మంచి డ్రమ్మర్‌కి కూడా గట్టి పనే. ఆ నాలుగు అదనపు పాటలు ఇంకో స్టూడియో రోజుని మింగేస్తాయి.

ఎంచుకున్న పాటలన్నిటినీ ప్రాక్టీసులో ఫోన్‌లో రికార్డు చేసి మర్నాడు వినండి. వాయించిన రోజే వింటే అన్నీ బాగానే ఉన్నట్టుంటాయి. మెట్రోనోమ్ యాప్‌లో వేలితో కొట్టి మొదటి పల్లవి వేగం, చివరి పల్లవి వేగం కొలవండి. నిమిషానికి 112 బీట్లతో మొదలైన పాట 120 దాటి ముగియడం మామూలే. ఏ వేగం దగ్గర మాటలు స్పష్టంగా వినిపిస్తున్నాయో దాన్ని ఖాయం చేసుకోండి. చివరి పల్లవి కాస్త పరిగెత్తితేనే బాగుంటుందనుకుంటే, క్లిక్ ట్రాక్‌లోనే (వాయించేవాళ్లు హెడ్‌ఫోన్లలో వినే మెట్రోనోమ్ టిక్ టిక్) అక్కడ వేగం నిమిషానికి రెండు బీట్లు పెంచి పెట్టుకోవచ్చు. పాటంతా ఒకే వేగంలో ఉండి తీరాలని ఎవరూ శాసించలేదు.

సాహిత్యం దగ్గర కాసేపు ఆగాలి. ఇంగ్లీషు రాక్ వింటూ కట్టిన ట్యూన్‌లో తెలుగు మాటలు దూర్చినప్పుడు దీర్ఘం పొట్టి స్వరం మీద పడి నలుగుతుంది, హ్రస్వం రెండు బీట్లు సాగుతుంది. ‘పడవ’ కాస్తా ‘పాడవ’ అవుతుంది. వినేవాళ్లు తప్పెక్కడో చెప్పలేరు గానీ పాట డబ్బింగ్‌లా ఉందంటారు. గురువు, అంటే దీర్ఘమో, సున్నా ఉన్న అక్షరమో, సంయుక్తాక్షరానికి ముందున్నదో, బలమైన బీటు మీద పడాలి. లఘువులు వాటి మధ్య సర్దుకోవాలి. ట్యూన్ లేకుండా క్లిక్ పెట్టుకుని సాహిత్యాన్ని మామూలుగా చదవండి. చదివేటప్పుడు నోరు తిరగని చోట పాడేటప్పుడూ తిరగదు. అక్కడ మాట మార్చండి, లేదా ట్యూన్‌లో ఒక స్వరాన్ని రెండుగా విడగొట్టండి. ఈ పని ప్రాక్టీసు చేసే జామ్ రూంలో ఖర్చు లేకుండా అవుతుంది. స్టూడియోలో గంటకింత చొప్పున అవుతుంది.

శ్రుతి కూడా ఇప్పుడే తేలాలి. గాయకుడి చేత పాటను వరసగా మూడుసార్లు పూర్తిగా పాడించండి. మూడోసారి పై స్వరం చీలితే అర స్వరం దించండి. గిటార్లు అర స్వరం దించితే తీగలు వదులవుతాయి. 9 గేజ్ బదులు 10 గేజ్ సెట్ వేసి, ఇంటొనేషన్ (మెడ పొడవునా శ్రుతి నిలిచేలా చేసే అమరిక) సరిచేయించుకోండి. అది చూడకపోతే కింది ఫ్రెట్ల దగ్గర సరిగ్గా పలికిన కార్డు పన్నెండో ఫ్రెట్ దగ్గర శ్రుతి తప్పుతుంది. మిక్సింగ్‌లో దానికి మందు లేదు.

వాటాలు రాసుకోండి

మొహమాటపడకుండా, పాటలకి ఇంకా విలువ లేనప్పుడే చేయాల్సిన పని ఇది. ప్రతి పాటకి ఒక పేజీ తీసుకోండి. సాహిత్యం ఎవరిది ఎంత శాతం, సంగీతం ఎవరిది ఎంత శాతం, మొత్తం 100. అసలు పేర్లతో సంతకాలు, తేదీ. రికార్డింగ్ మీద హక్కు దీనికి వేరు. మన కాపీరైట్ చట్టం ప్రకారం రికార్డింగ్ చేయించే చొరవ, బాధ్యత ఎవరు తీసుకుంటారో వాళ్లే నిర్మాత, మొదటి హక్కుదారు. మీ స్నేహితుడు డబ్బు పెడుతుంటే అది అప్పా, బహుమతా, వాటానా అన్నది కాగితం మీద ఉండాలి.

బయటి నుంచి వయొలిన్‌కో తబలాకో ఒకరిని పిలిస్తే డబ్బిచ్చి ఊరుకోకండి, హక్కుల బదిలీ పత్రం తీసుకోండి. ఏ పాట, ఎంతకాలం, ఏ ప్రాంతం, ఎంత సొమ్ము, నాలుగూ రాయాలి. కాలం రాయకపోతే చట్టం అయిదేళ్లని తీసుకుంటుంది. ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే అనుకుంటుంది. డల్లాస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో వినే తెలుగువాళ్ల కోసం కూడా పాట పెడుతున్నారు కాబట్టి ‘ప్రపంచమంతటా’ అన్న మాట తప్పనిసరి.

పాత సినిమా పాటని రాక్‌లో కొడదామన్న ఆలోచన ప్రతి బ్యాండ్‌కీ వస్తుంది. స్టేజీ మీద కొట్టండి, ఆల్బమ్‌లో వద్దు. పాత పాటని మళ్లీ రికార్డు చేసే కవర్ వెర్షన్లకి కాపీరైట్ చట్టం 31సి సెక్షన్ ప్రకారం మొదటి రికార్డింగ్ వచ్చిన సంవత్సరం ముగిశాక అయిదు సంవత్సరాలు గడవాలి. ముందుగా నోటీసివ్వాలి. ఏడాదికి కనీసం 50,000 కాపీల లెక్కన రాయల్టీ ముందే కట్టాలి. అవసరానికి మించి పాటను మార్చకూడదు. మార్చకుండా రాక్ వెర్షన్ ఎలా చేస్తారు?

స్టూడియో ఎంపిక

హైదరాబాద్‌లో స్టూడియోలకు కొదవలేదు. అయితే చాలావాటిని డబ్బింగ్‌కీ గాత్రానికీ కట్టారు. గది చిన్నది, నాలుగు వైపులా ఫోమ్, పైకప్పు తక్కువ ఎత్తు. అందులో డ్రమ్స్ వాయిస్తే సింబల్స్ చెవిలో గుచ్చుకుంటాయి, కిక్ డ్రమ్ అట్టపెట్టెలా మోగుతుంది. కాబట్టి డ్రమ్స్‌కి పెద్ద గది వెతకండి. మిగతావి చిన్న చోట చేసుకోవచ్చు. బుక్ చేసేముందు అడగాల్సినవి: ఒకేసారి ఎన్ని ఇన్‌పుట్లు తీసుకోగలరు (కనీసం 12), డ్రమ్ కిట్ ఉందా, మనం తెచ్చుకోవాలా, లెక్క గంటలకా షిఫ్టుకా, మైకులు అమర్చే సమయం కూడా ఆ లెక్కలోకే వస్తుందా. అమరికకి మూడు గంటలు సులువుగా పోతాయి.

స్టూడియో రోజుకి ముందే ఇంట్లో ప్రతి పాటకీ స్క్రాచ్ చేసిపెట్టుకోండి: క్లిక్, దాని మీద ఒక గిటార్, ఒక గొంతు. డ్రమ్మర్ హెడ్‌ఫోన్లలో వినేది ఇదే. స్క్రాచ్ గిటార్ లయ తప్పితే డ్రమ్మర్ కూడా దాని వెంటే పోతాడు, కాబట్టి ‘స్క్రాచే కదా’ అనుకోకండి. పాట మొదట్లో రెండు బార్ల కౌంట్ పెట్టండి. నెమ్మదిగా ముగిసే పాటల్లో చివరి బార్ దగ్గర క్లిక్ ఆపేయండి. లేకపోతే సింబల్ మోత తగ్గుతుంటే హెడ్‌ఫోన్లలోంచి ‘టిక్ టిక్’ మైకులోకి కారుతుంది.

డ్రమ్స్

డ్రమ్ చర్మాలు కొత్తవి వేయండి. రెండు రోజుల ముందు వేస్తే సాగి కుదురుకుంటాయి. అదే రోజు వేస్తే ప్రతి టేక్‌కీ శ్రుతి దిగుతుంది. పాట పాటకీ మధ్య స్నేర్ (డ్రమ్మర్ ముందుండే, కరకరమని మోగే చిన్న డ్రమ్) శ్రుతి చూసుకోవాలి.

ఎనిమిది ఛానళ్లు చాలు. కిక్ లోపల ఏకేజీ డి112 లాంటి మైక్. స్నేర్ పైన ష్యూర్ ఎస్‌ఎం57, అంచుకి రెండంగుళాల పైన, మధ్యకి చూస్తూ. స్నేర్ కింద ఇంకోటి. టామ్స్‌కి రెండు. తల పైన ఓవర్‌హెడ్ జత. గదిలో దూరంగా ఒకటి. స్నేర్ కింది మైకు పోలారిటీ (సిగ్నల్ ప్లస్, మైనస్ దిశ) తిప్పాలి. పై చర్మం లోపలికి వెళ్తున్నప్పుడు కింది చర్మం బయటికి వస్తుంది కాబట్టి, తిప్పకపోతే రెండూ కలిసి స్నేర్ పలచబడుతుంది. ఓవర్‌హెడ్లు రెండూ స్నేర్ మధ్యనుంచి ఒకే దూరంలో ఉండాలి. ఒక తాడు ముక్క తీసుకుని స్నేర్ నుంచి రెంటికీ కొలవండి. శబ్దం మిల్లీసెకనుకి దాదాపు 34 సెంటీమీటర్లు ప్రయాణిస్తుంది. ఒక మైకు జానెడు దూరం జరిగితే చాలు, స్నేర్ పక్కకి లాగినట్టు వినిపిస్తుంది.

మైకులన్నీ పెట్టాక ఒక్క నిమిషం రికార్డు చేసి మోనోలో (ఎడమ, కుడి కలిపి ఒకటిగా) వినండి. కిక్ ట్రాక్ పోలారిటీ ఒకసారి తిప్పి, మళ్లీ తిప్పి, ఏది లావుగా ఉంటే దాన్ని ఉంచండి. లెవెల్ అతి గట్టి దెబ్బకి -10 డెసిబెల్ దగ్గర ఆగాలి. 24 బిట్‌లో రికార్డు చేస్తున్నప్పుడు ఎరుపు దాకా తోయాల్సిన పని లేదు, పైగా ఎవరైనా సరే టేక్ మొదలయ్యాక గట్టిగా కొడతారు.

ఒక్కో పాటకి నాలుగైదు టేకులు. అంతకుమించితే చేతులు అలిసి లయ బరువెక్కుతుంది. వేరే పాటకి వెళ్లి రండి. ప్రతి టేక్‌కీ ఒకరు కాగితం మీద రాయాలి: టేక్ 3, రెండో చరణం బాగుంది, చివరి ఫిల్ తప్పు. ఈ కాగితం లేకపోతే రాత్రంతా టేకులు వింటూ కూర్చోవాలి.

బేస్, గిటార్, హమ్ గోల

బేస్‌ని డీఐ బాక్స్ (మైకు లేకుండా గిటార్ సిగ్నల్‌ని నేరుగా రికార్డింగ్‌లోకి పంపే పెట్టె) ద్వారా తీసుకోండి, ఆంప్ ఉంటే దాన్ని ఇంకో ట్రాక్‌లో. శుభ్రమైన డీఐ ట్రాక్ ఉంటే తర్వాత ఏ టోన్ కావాలన్నా మార్చుకోవచ్చు. గిటార్లకీ ఇదే మాట. డిస్టార్షన్ (గిటార్ శబ్దంలోని గరుకు) స్టేజీ మీద కన్నా తక్కువ పెట్టండి. ఒకే రిఫ్‌ని రెండుసార్లు వాయించి, ఒకటి పూర్తిగా ఎడమకి, ఒకటి కుడికి పెడితే మందం దానంతటదే వస్తుంది. కాపీ చేసి పక్కకి జరిపితే ఆ మందం రాదు. ప్రతి టేక్‌కీ ముందు శ్రుతి చూసుకోండి, నిజంగా ప్రతి టేక్‌కీ.

మన ఇళ్లలో గిటార్ రికార్డింగ్‌ని ఎక్కువగా పాడుచేసేది 50 హెర్ట్జ్ హమ్, అంటే కరెంటు సరఫరా నుంచి వచ్చే గుయ్‌మనే మోత. దాని జాడ ఇలా పట్టాలి. ముందు ల్యాప్‌టాప్ ఛార్జర్ తీసేయండి. హమ్ పోతే ఛార్జర్‌దో ఎర్తింగ్‌దో తప్పు. మూడు పిన్నుల ప్లగ్గుని రెండు పిన్నుల అడాప్టర్‌లో పెట్టారేమో చూడండి. ఆంప్, ఆడియో ఇంటర్‌ఫేస్ (మైకుని, గిటార్‌ని ల్యాప్‌టాప్‌కి కలిపే పెట్టె), ల్యాప్‌టాప్ మూడూ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డు నుంచి తీసుకోండి. వేరువేరు సాకెట్లయితే వాటి ఎర్తుల మధ్య కరెంటు పారి, గ్రౌండ్ లూప్ అనే హమ్ వస్తుంది. హమ్ పోవడానికని ఎర్త్ పిన్ను తీసేయడం మాత్రం ఎప్పుడూ చేయకండి, తీగలు పట్టుకున్న చేయీ మైకు తాకిన పెదవీ ఆ సర్క్యూట్‌లో భాగమవుతాయి. ఇంకా మోగుతుంటే ఫ్యాన్ రెగ్యులేటర్, డిమ్మర్ లైట్లు ఆపండి. మీ గిటార్‌ది సింగిల్ కాయిల్ పికప్ (హమ్‌ని సులువుగా పట్టే రకం) అయితే కుర్చీలో కూర్చుని మెల్లగా తిరగండి, ఏదో ఒక దిక్కున హమ్ సన్నబడుతుంది. అటే తిరిగి వాయించండి.

గొంతు

గాయకుడు మైకుకి జానెడు దూరంలో, మధ్యలో పాప్ ఫిల్టర్ (ప, బ పలికినప్పుడు ఊపిరి తాకిడిని ఆపే తెర). వెనక ఉత్త గోడకి బదులు దుప్పట్లు, బట్టల అలమరా. ఏసీ, ఫ్యాన్ ఆపాల్సిందే కాబట్టి వేసవిలో తెల్లవారుజామున పెట్టుకోండి. హెడ్‌ఫోన్లు మూసి ఉండే రకమే వాడండి. స, శ, ష మరీ పదునుగా పలుకుతుంటే మైకుని నోటికి సూటిగా కాకుండా కొంచెం పక్కకి తిప్పండి. మిగిలినదాన్ని 5 నుంచి 8 కిలోహెర్ట్జ్ మధ్య డీ-ఎసర్ (ఆ పదునుని తగ్గించే సాఫ్ట్‌వేర్) చూసుకుంటుంది. మరీ ఎక్కువ పెడితే ‘సముద్రం’ నత్తిగా పలుకుతుంది. మూడు నాలుగు పూర్తి టేకులు తీసుకుని వాక్యం వాక్యంగా ఏరండి. ఒక్కో అక్షరం అతికించకండి, ఊపిరి తెగినట్టు తెలిసిపోతుంది. గొంతు రోజుకి రెండు పాటలకి మించి ఇవ్వదు, అరుపుల పాట రోజు చివర్న పెట్టండి.

ఫైళ్లు

48 కిలోహెర్ట్జ్, 24 బిట్ మోనో ట్రాక్ నిమిషానికి 8.6 మెగాబైట్లు. డ్రమ్స్ ఎనిమిది ట్రాకుల నాలుగు నిమిషాల టేక్ ఒక్కటి 275 మెగాబైట్లు దాటుతుంది. ఎనిమిది పాటలు, అయిదేసి టేకులు అంటే 11 గిగాబైట్లు, బేస్, గిటార్లూ గొంతులూ కాకుండా. కనీసం రెండు డిస్కుల్లో, ఒకటి వేరే ఇంట్లో ఉండేలా, రోజూ ఇంటికెళ్లేముందే కాపీ చేయండి. కరెంటు పోయే చోట యూపీఎస్ లేకుండా రికార్డింగ్ మొదలుపెట్టకండి.

మిక్స్, మాస్టర్

మిక్స్ ఇంజనీర్‌కి ఫైళ్లు ఇచ్చేటప్పుడు ప్రతి ట్రాక్ సున్నా నిమిషం నుంచి మొదలయ్యే వేవ్ ఫైల్‌గా, పేరు పెట్టి, పాట వేగం రాసి ఇవ్వండి. మీకు నచ్చిన రెండు ఆల్బమ్‌ల పేర్లు చెప్పండి. సవరణలు ఎన్నిసార్లు ఉచితమో ముందే మాట్లాడుకోండి. నలుగురూ వాట్సాప్‌లో నాలుగు రకాలుగా ‘నా వాద్యం పెంచు’ అని పంపితే పని తెమలదు. ఒకరే, ఒకే జాబితాగా, నిమిషం సెకను వేసి పంపాలి.

మిక్స్‌ని ఇయర్‌ఫోన్లలో, కారులో, ఫోన్ స్పీకర్‌లో వినండి. ఫోన్‌లో బేస్ పూర్తిగా మాయమైతే దానికి 700 హెర్ట్జ్ పైన ఏమీ లేదని అర్థం, కాస్త గరుకు జతచేయమనండి. మాస్టరింగ్‌కి ఇచ్చే ఫైలు పై అంచు -6 నుంచి -3 డెసిబెల్ మధ్య ఉండాలి, లిమిటర్ (శబ్దాన్ని ఒక హద్దు దాటనివ్వని సాఫ్ట్‌వేర్) తీసేసి.

మాస్టర్ ఎంత గట్టిగా ఉండాలన్న తగువు పెద్దగా అక్కర్లేదు. స్పాటిఫై మామూలుగా -14 ఎల్‌యూఎఫ్‌ఎస్ (పాట మొత్తం ఎంత గట్టిగా వినిపిస్తుందో చెప్పే కొలత) దగ్గరికి అన్ని పాటల్నీ సర్దుతుంది. -7కి నొక్కిన పాట అక్కడ 7 డెసిబెల్ దిగి, డ్రమ్స్ దెబ్బ పోయి, నీరసంగా మిగులుతుంది. రాక్‌కి -10, -9 దగ్గర ఆగడం మేలు. ట్రూ పీక్ (శబ్దం నిజంగా తాకే అత్యధిక స్థాయి) -2 డెసిబెల్ దాటకూడదు, -14 కన్నా గట్టి మాస్టర్లకి స్పాటిఫై ఇచ్చే సలహా ఇదే. పాటల వరస, మధ్య విరామాలు మాస్టరింగ్ ముందే చెప్పండి. ఎల్పీ ఆలోచన ఉంటే ఒక్కో వైపు చివర నెమ్మది పాట పెట్టండి, లోపలి గాడుల దగ్గర సింబల్స్ స్పష్టత తగ్గుతుంది.

కాగితాలు, డిస్ట్రిబ్యూటర్

స్పాటిఫై, ఆపిల్ మ్యూజిక్, జియోసావన్ లాంటి వాటిలోకి పాట డిస్ట్రిబ్యూటర్ (పాటల్ని ఆ యాప్‌లన్నిటికీ చేర్చే కంపెనీ) ద్వారా వెళ్తుంది. డిస్ట్రోకిడ్‌లో ఏటా చందా; ఆపేస్తే, అదనంగా కట్టి ఉంచుకున్నవి తప్ప పాటలు తీసేసే అవకాశముంది. సీడీ బేబీలో విడుదలకి ఒకసారి రుసుము, ఆపై రాబడిలో వాటా. ఏడాదికొక పాట వదిలే బ్యాండ్‌కి రెండోది, తరచూ వదిలేవాళ్లకి మొదటిది నప్పుతాయి. ప్రతి రికార్డింగ్‌కీ దాన్ని గుర్తుపట్టే 12 అక్షరాల, అంకెల ఐఎస్ఆర్‌సీ నంబరు వస్తుంది. దాన్ని ఒక పట్టికలో రాసి దాచండి.

బ్యాండ్ పేరు, పాటల పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో ఎలా రాయాలో ఒక్కసారి నిర్ణయించి, ఎక్కడా మార్చకండి. ఒక చోట ఒక ‘ఏ’, ఇంకో చోట రెండు ‘ఏ’లు పెడితే స్పాటిఫైలో రెండు బ్యాండులుగా తయారవుతారు. ముఖచిత్రం 3000 పిక్సెళ్ల చదరం, ఆర్‌జీబీ. దాని మీద వెబ్ చిరునామా, ఇన్‌స్టాగ్రామ్ పేరు, కంపెనీ లోగోలు ఉంటే తిప్పిపంపుతారు. రెడీమేడ్ లూపులు వాడిన పాటని యూట్యూబ్ కంటెంట్ ఐడీలో (మీ ఆడియో ఏ వీడియోలో ఉందో తానే పట్టే వ్యవస్థ) పెట్టకండి. అదే లూపు వాడిన వేరేవాళ్ల వీడియోల మీద మీ పేరుతో దావా పడుతుంది.

సాహిత్యం, సంగీతం రాసినవాళ్లు ఐపీఆర్‌ఎస్‌లో (రచయితలకీ స్వరకర్తలకీ రాయల్టీ వసూలు చేసే సంస్థ) సభ్యులై, ఇందాక రాసుకున్న శాతాలతోనే పాటలు నమోదు చేయాలి. డిస్ట్రిబ్యూటర్ ఇచ్చేది రికార్డింగ్ డబ్బు, ఇది రచన డబ్బు. ఒకటి చేసి రెండోది మరిచిపోవడమే ఎక్కువగా జరుగుతుంది. పేరు కాపాడుకోవాలంటే ట్రేడ్‌మార్క్ 41వ తరగతి (వినోద సేవలది). వ్యక్తిగా ఆన్‌లైన్‌లో దరఖాస్తుకి 4,500 రూపాయలు.

విడుదల

శుక్రవారం ఎంచుకోండి. 2015 జూలై నుంచి ప్రపంచమంతా కొత్త పాటలు ఆ రోజే వస్తున్నాయి. ఆల్బమ్ మొత్తాన్ని ఒకేసారి పడేయకుండా ముందు రెండు మూడు సింగిల్స్ వదలండి, నాలుగైదు వారాల తేడాతో. ఆల్బమ్‌లోనూ అదే ఆడియో, అదే పేరు, అదే ఐఎస్ఆర్‌సీ ఉంటే ప్లేల లెక్క కలిసిపోతుంది. కొత్త నంబరు పడితే సున్నా నుంచి మొదలు.

ఫైళ్లు కనీసం నాలుగు వారాల ముందు పంపండి. స్పాటిఫై ఎడిటర్లకి పాట చూపించే ఫారం విడుదలకి ఏడు రోజుల ముందన్నా నింపాలి. ఒక్క పాటే ఇవ్వగలరు, వచ్చేసిన పాట ఇవ్వలేరు. ఫారంలో భాష తెలుగు అని పెట్టండి, వాద్యాలూ ఊరూ రాయండి. ఆ గడువు పాటిస్తే ప్లేలిస్టులో రాకపోయినా మీ ఫాలోయర్ల రిలీజ్ రాడార్‌లో (స్పాటిఫై వారంవారం ఇచ్చే కొత్త పాటల జాబితా) పాట పడుతుంది. సాహిత్యాన్ని మ్యూజిక్స్‌మ్యాచ్‌లో (పాటల సాహిత్యాన్ని యాప్‌లకి అందించే సైటు) తెలుగు లిపిలోనే ఎక్కించండి.

‘పదివేల ప్లేలు గ్యారంటీ’ అంటూ సందేశాలు వస్తాయి. అవి బాట్లు. స్పాటిఫై 2024 నుంచి దొంగ ప్లేలకు డిస్ట్రిబ్యూటర్ మీద జరిమానా వేస్తోంది, వాళ్లు మీ పాట తీసేస్తారు. అదే ఏడాది నుంచి 12 నెలల్లో 1,000 ప్లేలు దాటని పాటకి రాయల్టీ లేదు. ఒక ప్లే అంటే కనీసం 30 సెకన్లు. అందుకని ఇంట్రోని కోసేయమని కాదు, కానీ గొంతు యాభయ్యో సెకను దాకా రాని పాటని మొదటి సింగిల్‌గా పెట్టకండి.

విడుదల వారాంతంలో ఒక ప్రదర్శన పెట్టుకోండి. హైదరాబాద్‌లోని లమకాన్ లాంటి చిన్న చోటు నిండటం, పెద్ద హాలు సగం ఖాళీగా ఉండటం కన్నా మేలు. ఆరుబయట అయితే రాత్రి పదికి స్పీకర్లు ఆగాలి, కాబట్టి ఎనిమిది పాటలూ తొమ్మిదిన్నరకి అయ్యేలా లెక్కవేసి మొదలుపెట్టండి. సీడీల కంటే టీషర్టులు ఎక్కువ అమ్ముడుపోతాయి, 50తో మొదలుపెట్టండి, ఎల్, ఎక్స్ఎల్ ఎక్కువ.

మొదటి నెల తిరిగేలోగా మిగిలేది ఒకటే పని: ప్రతి పాటనీ గొంతు లేకుండా ఒకటి, గిటార్లు, బేస్, డ్రమ్స్, గొంతులు విడివిడిగా ఒక్కోటి వేవ్ ఫైళ్లుగా తీయించుకోండి. రెండేళ్లకి ఆ సాఫ్ట్‌వేర్, ప్లగిన్లు మారిపోయి పాత సెషన్ తెరుచుకోకపోవచ్చు. సినిమావాళ్లో సీరియల్‌వాళ్లో పాట అడిగినప్పుడు మొట్టమొదట అడిగేది గొంతు లేని ఆ వెర్షన్‌నే.